బరిలోనికి దారి

విశాఖపట్టణమనగానే శ్రోతలకు ముందుగా స్ఫురించునవి ఓడలును ఉక్కును. 1933వ సంవత్సరము అక్టోబరు 7వ తేదీన ఇచ్చటి నౌకాశ్రయమునకు "జలదుర్గ" యను ఓడ వచ్చుట, 1948లో "జల ఉష" ఇచ్చటి నౌకానిర్మాణశాలనుండి సముద్రములోనికి జారుట, 1992లో ఉక్కు కర్మాగారము జాతికి అంకితమగుట - ఈ నగరచరిత్ర చెప్పువారు సాధారణముగా ఈ మెట్లమీదుగానే నడచెదరు. అది న్యాయమే. కాని ఈ ఊర ఓడలతోను ఉక్కుతోను పాటు మరియొక విద్య కూడ సడిలేకుండ పెరుగుచు వచ్చినది. అది ముష్టియుద్ధము. బాక్సింగు అని మనమందరమును పిలుచునది.

ఆటల ఫలితములను వార్తలలో చదువునపుడు మావంటివారు సాధారణముగా ఒక్క వాక్యముతో సరిపుచ్చుదుము. ఫలానా యోధురాలు ఫలానా యోధురాలిని 5-0 తేడాతో ఓడించెను అందుము. తరువాత వాతావరణ వార్తలకు పోవుదుము. ఆ అయిదును సున్నయును బరిలో జరిగినదానిని చెప్పును. బరిలోనికి ఆ యోధురాలు ఎట్లు వచ్చినదో చెప్పవు. ఈ క్రీడ చరిత్రను కొంత శ్రద్ధగా పరికించినచో, ప్రత్యర్థిని గెలుచుటకంటె ముందు, ఆ ప్రత్యర్థి యెదుట నిలుచు హక్కును గెలుచుట ఎంత కష్టమో తెలియవచ్చును. ఈ ప్రసంగములో మేము చెప్పదలచినది ఆ కథయే.

ముందుగా క్రీడను గూర్చి రెండు మాటలు. ముష్టియుద్ధములో రెండు శాఖలు కలవు: ఔత్సాహికము, వృత్తి. ఔత్సాహిక యోధులు దేశము పక్షమున పోరాడుదురు. నేడు వారి పోటీ మూడేసి నిమిషముల మూడు రౌండ్లు. బరిచుట్టును ఐదుగురు న్యాయనిర్ణేతలు కూర్చుండి ఎవరికి వారు మార్కులు వేయుదురు. ఐదుగురును ఒకరినే విజేతగా తలచినచో అది 5-0. ఒలింపిక్ క్రీడలకు చాలకాలము దారి ఈ శాఖనుండియే. వృత్తి యోధులు పారితోషికమునకై పోరాడుదురు. రౌండ్లు హెచ్చు, పోటీని ఏర్పాటు చేయువారు వేరు, లెక్కలు వేరు. ఈ రెండు శాఖలలోను బరిలోనికి దారి ఒకటి కాదు. వృత్తిలో ఆ ద్వారమును చాలవరకు ధనము తెరచును. ఔత్సాహికములో ఎంపిక తెరచును.

దీనికి కొరియా దేశమున చక్కని ఉదాహరణము కలదు. కిమ్ కీసూ యనునాయన ఉత్తర కొరియాలోని హామ్‌గ్యాంగ్ ప్రాంతమున జన్మించి, కొరియా యుద్ధకాలమున దక్షిణమునకు తరలివచ్చిన కుటుంబములోనివాడు. 1958లో టోకియోలో జరిగిన ఆసియా క్రీడలలో స్వర్ణపతకము గెలిచెను. 1960లో రోము ఒలింపిక్ క్రీడలలో ఇటలీ యోధుడు నీనో బెన్వెనూతీ చేతిలో ఓడెను. ఔత్సాహిక జీవితములో ఆయన చవిచూచిన ఓటమి అదియొక్కటే యని చెప్పుదురు. బెన్వెనూతీ ఆ క్రీడలలో స్వర్ణము గెలిచి, వృత్తిలో ప్రవేశించి, ప్రపంచ విజేత యయ్యెను. కిమ్ కూడ 1961లో వృత్తి యోధుడయ్యెను. కాని పాత ప్రత్యర్థిని మరల ఎదుర్కొనుటకు బలమొక్కటే చాలలేదు. ప్రపంచ విజేతను సియోలు నగరమునకు రప్పింపవలెనన్న 55 వేల డాలర్ల పారితోషికమునకు హామీ కావలెను. ఆ దినములలో కొరియావంటి పేదదేశమునకు అది చిన్న మొత్తము కాదు. ఆ హామీని ప్రభుత్వమే ఇచ్చెను. 1966 జూన్ 25వ తేదీన సియోలులోని చాంగ్‌చుంగ్ క్రీడామందిరమున దేశాధ్యక్షుడు పార్క్ చుంగ్‌హీ చూచుచుండగా, 15 రౌండ్లు పోరాడి, అంతవరకు వృత్తిరంగమున ఓటమి యెరుగని బెన్వెనూతీని కిమ్ ఓడించెను. కొరియాకు మొదటి ప్రపంచ విజేత ఆయనయే. రెండేండ్లకు ఇటలీలో మాజింగీ యనునాతనికి ఆ బిరుదమును కోలుపోయెను, 1997లో మరణించెను. ఆయన పిడికిలి బలమును కొరియా నేటికిని తలచుకొనును. కాని ఆ పిడికిలికి పనిబెట్టినది మాత్రము ఆ 55 వేల డాలర్లు.

మన దేశమున వృత్తి ముష్టియుద్ధము అంతగా వేరూనలేదు. మన యోధులు చాలవరకు ఔత్సాహికులు. రైల్వేలలోనో, సైనికదళములలోనో, పోలీసుశాఖలోనో ఉద్యోగము చేయుచు పోరాడువారు. కనుక మనవారికి ద్వారము తెరచునది, లేదా మూయునది, ఎంపిక. ఇక మరల విశాఖకు వత్తము.

ఉత్తరాంధ్రమునకు బలవిద్య కొత్త కాదు. వీరఘట్టమున పుట్టి, విజయనగరమున పేరుగాంచి, సర్కసు నడిపి దేశదేశముల బలప్రదర్శనలు చేసిన కోడి రామమూర్తినాయుడుగారి విగ్రహము నేటికిని విశాఖ సముద్రతీరమున కలదు. ఐతే ఆ సంప్రదాయమంతయు మగవారిది. ఆడపిల్ల పిడికిలి బిగించి బరిలో నిలుచుట మన పెద్దలు ఊహించినది కాదు. ప్రపంచముకూడ అంత ముందుగా ఏమియు ఊహింపలేదు. మహిళలకు మొదటి ప్రపంచ ముష్టియుద్ధ పోటీలు జరిగినది 2001లో, అమెరికాలోని స్క్రాంటన్ నగరమున.

ఆ తరువాత ఐదేండ్లకే విశాఖ యువతి యొకతె ప్రపంచ పోటీల తుదిపోరువరకు పోయినది. ఆమె నాగిశెట్టి ఉష. 2006లో న్యూఢిల్లీలో జరిగిన ప్రపంచ పోటీలలో ఆమె రజతపతకము పొందినది. ఆ సంవత్సరము భారతదేశమునకు నాలుగు స్వర్ణములు వచ్చుటచే, వార్తలన్నియు స్వర్ణములచుట్టు తిరిగినవి. 2008లో చైనాలోని నింగ్బో నగరమున ఆమె మరల రజతము పొందినది. అదే సంవత్సరము గువాహతిలో ఆసియా విజేతగా నిలిచినది. రెండు పర్యాయములు ప్రపంచమున రెండవ స్థానము, ఒక పర్యాయము ఆసియాలో మొదటి స్థానము - ఇంతటి యోధురాలికి ఒలింపిక్ బరి చూచు భాగ్యము ఏల కలుగలేదు?

ఆమె లోపమేమియు లేదు. అప్పటికి ఒలింపిక్ క్రీడలలో మహిళా ముష్టియుద్ధమే లేదు. దానిని చేర్చుటకు అంతర్జాతీయ ఒలింపిక్ సంఘము నిర్ణయించినది 2009 ఆగస్టులో. మొదటిసారి పోటీలు జరిగినది 2012లో, లండనులో. అందుకూడ మూడే తరగతులు: 51, 60, 75 కిలోలు. ఉషది 57 కిలోల తరగతి. రియోలోను ఆ మూడే. 57 కిలోల తరగతికి ఒలింపిక్ ద్వారము తెరచినది 2021లో జరిగిన టోకియో క్రీడలలో. ఉష రెండవ రజతమునకు అది పదమూడేండ్ల తరువాతి మాట. ఆమె ప్రతిభ పండిన కాలమున గోడయే కలదు గాని తలుపు లేదు.

ఉష రెండవ పతకము తెచ్చిన మరుసటి సంవత్సరము, అనగా 2009లో, విశాఖలోని భారత క్రీడాప్రాధికార సంస్థ శిక్షణ కేంద్రమునకు నిజామాబాదునుండి పదమూడేండ్ల బాలిక యొకతె వచ్చినది. ఆమె పేరు నిఖత్ జరీన్. 1996 జూన్ 14న జన్మించినది. తండ్రి జమీల్ అహ్మద్ తానును క్రీడాకారుడే. కూతురిని ముందు పరుగుపందెములలో ప్రవేశపెట్టెను. ముష్టియుద్ధము ఆడపిల్లలేల చేయరని ఆమె అడిగినదట. ఆ ప్రశ్నకు తండ్రి మాటతోగాక గురువును చూపించి సమాధానము చెప్పెను. నిజామాబాదులో శంసముద్దీన్‌గారు ఆమెకు తొలి పాఠములు నేర్పిరి. సాధనకు బాలురతోనే తలపడవలసి వచ్చినది. ముఖము కమిలి ఇంటికి వచ్చిన దినమున తల్లి దిగులుపడినదనియు, ఆటల దుస్తులనుగూర్చి బంధువులు నాలుగు మాటలనిరనియు ఆ కుటుంబమువారే తరువాత చెప్పియున్నారు.

అప్పటికి నిజామాబాదును విశాఖయు ఒకే రాష్ట్రములోనివి. ఐనను నడుమ దూరము సుమారు 800 కిలోమీటర్లు. భాష ఒకటేగాని యాస వేరు, వంట వేరు, గాలి వేరు. సముద్రపు టుక్కలో సాధన చేయుట మెట్టప్రాంతపు పిల్లకు సులభము కాదు. ఆ కేంద్రమున ఆమెకు గురువు ఇనుకుర్తి వెంకటేశ్వరరావుగారు. విశాఖ ముష్టియుద్ధమునకు మూలస్తంభముగా నిలిచిన ఈ శిక్షకునకు 2011లో ద్రోణాచార్య పురస్కారము లభించినది. అదే 2011లో టర్కీలోని ఆంటాల్యా నగరమున జరిగిన బాలికల, యువతుల ప్రపంచ పోటీలలో నిఖత్ తన తరగతిలో స్వర్ణపతకము గెలిచినది. తుదిపోరులో ఓడినది ఆతిథ్యదేశపు బాలికయే. విశాఖకు వచ్చిన రెండేండ్లకే జరిగిన సంగతి ఇది.

ఇక్కడితో కథ సుగమముగా సాగినదని శ్రోతలు భావింపవచ్చును. సాగలేదు. బాలికల పోటీలలో ప్రపంచ విజేత యగుట వేరు, పెద్దల బరిలో నిలుచుట వేరు. నిఖత్‌కు సహజమైన తరగతి 51 కిలోల పరిసరములలోనిది. ఆ తరగతిలో అప్పుడున్నది మణిపురమునకు చెందిన మేరీ కోమ్. ఆమె చరిత్రనుకూడ న్యాయముగా చెప్పవలెను. అప్పటివరకు ఆమె ప్రపంచ పతకములు 48 కిలోలును అంతకు తక్కువయును గల తరగతులలోనివి. ఒలింపిక్ క్రీడలలో ఆ తరగతులు లేకపోవుటచే, తనకంటె బరువైనవారితో పోరాడుటకు 51 కిలోలకు ఎక్కి, లండనులో కాంస్యపతకము గెలిచినది. ఉషకు మూసియున్న గోడయే మేరీ కోమ్‌ను కూడ తన చోటునుండి కదల్చినది. ఆ కదలికవలన తరువాతి తరమువారికి ఉన్న ఒక్క వాకిలి మరింత ఇరుకయ్యెను.

2016 ప్రపంచ పోటీలలో నిఖత్ 54 కిలోల తరగతిలో పాల్గొని క్వార్టర్ ఫైనలు వరకు పోయినది. 2017లో విశ్వవిద్యాలయముల పోటీలో భుజము కీలు తప్పినది. శస్త్రచికిత్స, విశ్రాంతి, మరల అక్షరములు దిద్దినట్లు మొదటినుండి సాధన - ఇట్లు ఒక యేడాది గడచినది. ముష్టియోధులకు భుజము రైతునకు ఎద్దువంటిది. అది పడిన తరువాత పొలము బీడే. అందువలన ఆమె పనియైపోయినదని అనుకొనినవారు లేకపోలేదు. ఐనను 2019 ఫిబ్రవరిలో బల్గేరియాలోని సోఫియా నగరమున స్ట్రాంజా స్మారక పోటీలలో స్వర్ణము గెలిచి తిరిగివచ్చినది.

అదే సంవత్సరమున అసలు పరీక్ష వచ్చినది. 51 కిలోల తరగతిలో ప్రపంచ పోటీలకు ఎంపిక పోటీ జరుపకయే మేరీ కోమ్‌ను పంపిరి. ఆమె కాంస్యము తెచ్చెను. తరువాత టోకియో ఒలింపిక్ అర్హత పోటీలకు కూడ ఆమెనే నేరుగా పంపుదురన్న మాట వినవచ్చినది. సమాఖ్య వాదము నిరాధారము కాదు: ఆరుసార్లు ప్రపంచ విజేత, ఒలింపిక్ పతకధారిణి, ఇటీవలనే పతకము తెచ్చినది, ఆమెను పరీక్షింప నేల? నిఖత్ వాదము మరియొకటి: పేరు ఎంత గొప్పదైనను, పోటీ పోటీయే. 2019 అక్టోబరులో ఆమె కేంద్ర క్రీడామంత్రికి బహిరంగముగా లేఖ వ్రాసినది. మేరీ కోమ్‌ను చూచియే తాను పెరిగితిననియు, తాను కోరునది స్థానము కాదు, న్యాయమైన అవకాశము మాత్రమేయనియు ఆ లేఖ సారాంశము.

అప్పుడు ఆమెకు వయస్సు 23 ఏండ్లు. "ఆడలేక మద్దెల ఓడన్నట్లు" అన్నవారును కలరు. పెద్దవారినెదిరించుట తగదన్నవారును కలరు. కాని మన పెద్దలే "అడుగనిదే అమ్మయినను పెట్టదు" అనియు చెప్పిరిగదా! తుదకు సమాఖ్య ఎంపిక పోటీలు పెట్టుటకు నిశ్చయించినది. 2019 డిసెంబరు 27, 28 తేదీలలో ఢిల్లీలో ఆ పోటీలు జరిగినవి. 28వ తేదీన నిఖత్ మేరీ కోమ్‌తో తలపడినది. ఓడినది. 9-1 తేడాతో ఓడినది.

శ్రోతలు ఈ చోట ఒక్క క్షణము ఆగవలెనని మా మనవి. ఈ ఓటమిని గూర్చి వార్తలలో చెప్పినపుడు అది కథకు ముగింపువలె వినిపించినది. లేఖ వ్రాసి, అడిగి, సాధించి, చివరకు ఓడినది గదా యని నవ్వినవారుందురు. కాని ఆమె అడిగినదేమి? గెలుపు కాదు, పోటీ. ఆ పోటీ జరిగినది. మేరీ కోమ్ ఒలింపిక్ స్థానముకూడ దానివలన మరింత వన్నె కెక్కినది. ఆమె పేరు చూపిగాక, బరిలో గెలిచి పోయినది. టోకియోలో కొలంబియా యోధురాలు ఇంగ్రిత్ వలెన్సియా చేతిలో 3-2 తేడాతో ఓడినను, ఆమె అచ్చట నిలుచుటలో ప్రశ్న మిగులలేదు. ఓడిన దానికిని గెలిచిన దానికిని కూడ మేలు చేసిన పోటీ అది. "ఇంట గెలిచి రచ్చ గెలువు"మన్న మాటలో ఇంట పోటీ జరుగవలెనన్న అర్థము ఇమిడియే యున్నది. పోటీ లేనిదే ఇంట గెలుచుట ఎట్లు?

తరువాతి సంగతులు చాలమందికి తెలిసినవే. 2022 ఫిబ్రవరిలో నిఖత్ సోఫియాలో రెండవసారి స్వర్ణము గెలిచినది. ఆ పోటీలలో టోకియో రజతపతకధారిణియగు టర్కీ యోధురాలు బుసెనాజ్ చాకిరోగ్లును ఓడించినది. మే 19వ తేదీన ఇస్తాంబూలు నగరమున ప్రపంచ పోటీల 52 కిలోల తుదిపోరులో థాయిలాండు యోధురాలు జిత్‌పాంగ్ జుతమాస్‌ను 5-0 తేడాతో ఓడించి ప్రపంచ విజేత యయ్యెను. బాలికగా స్వర్ణము గెలిచిన టర్కీలోనే, పదకొండేండ్ల తరువాత! ఆగస్టులో బర్మింగ్‌హామ్ కామన్వెల్తు క్రీడలలో 50 కిలోల స్వర్ణము. 2023 మార్చి 26వ తేదీన న్యూఢిల్లీలో వియత్నాము యోధురాలు ఙుయెన్ థీ తామ్‌ను ఓడించి రెండవ ప్రపంచ స్వర్ణము. అదే సంవత్సరము హాంగ్‌జౌ ఆసియా క్రీడలలో కాంస్యము.

ఇన్ని విజయములనుబట్టి ద్వారముల సమస్య తీరినదని చెప్పుటకు వీలులేదు. నిఖత్ రెండవసారి విజేతయైన ఆ ఢిల్లీ పోటీలకు ముందు, ఎంపిక పోటీలకు బదులు శిక్షణ శిబిరములో మార్కులు వేయు పద్ధతి వచ్చినది. అది తమకు అన్యాయము చేసినదని ముగ్గురు యోధురాండ్రు ఢిల్లీ ఉన్నత న్యాయస్థానము నాశ్రయించిరి. నాలుగేండ్ల క్రితము నిఖత్ అడిగిన ప్రశ్ననే ఇప్పుడు ఇతరులు అడిగిరి. ప్రశ్న అడుగువారు మారిరి గాని ప్రశ్న మారలేదు.

ఒలింపిక్ బరిలో నిఖత్ నిలిచినది 2024లో, పారిస్ నగరమున. మొదటి పోటీలో జర్మనీ యోధురాలిని 5-0 తేడాతో ఓడించినది. కాని ఆమెకు ప్రాధాన్యక్రమములో స్థానము లేకపోవుటచే, రెండవ పోటీలోనే చైనా యోధురాలు వూ యూ ఎదురైనది. ఆగస్టు 1వ తేదీన 5-0 తేడాతో ఓడినది. వూ యూ ఆ క్రీడలలో ఆ తరగతి స్వర్ణమునే గెలిచినది. పతకము తేలేకపోయినందుకు నిఖత్ కన్నీరు పెట్టుట దేశమంతయు చూచినది. ఆ సెప్టెంబరులో తెలంగాణ ప్రభుత్వము ఆమెను పోలీసుశాఖలో డి.ఎస్.పి.గా నియమించినది. కిమ్ కీసూకు పారితోషికము బువ్వ పెట్టెను. మన ఔత్సాహికులకు ఉద్యోగము పెట్టును. 2025 నవంబరులో గ్రేటర్ నోయిడాలో జరిగిన ప్రపంచ కప్ తుదిపోటీలలో 51 కిలోల స్వర్ణము గెలిచి, తాను ఇంకను బరిలోనే యున్నానని ఆమె చూపినది.

ఇక ఉష సంగతి. 2020లో భారత ప్రభుత్వము ఆమెకు ధ్యాన్‌చంద్ పురస్కారము ప్రకటించినది. రెండవ రజతమునకు అది పండ్రెండేండ్ల తరువాత. ఆలస్యమైనను గౌరవము గౌరవమే. కాని మేము ఈ ఇద్దరి పేర్లను ఒకచోట చెప్పుటకు కారణము పురస్కారములు కావు. ఒకతెకు తలుపే లేదు. మరియొకతెకు తలుపున్నను తట్టవలసి వచ్చినది. ఉష కాలమున అడుగుటకును ఎవరును లేరు. ఒలింపిక్ సంఘపు నిబంధనలకు లేఖ వ్రాసి ప్రయోజనమేమి? నిఖత్ కాలమున అడుగుటకు చోటు దొరకినది, ఆమె అడిగినది. ఆ చోటు ఏర్పడుటకు, బహుమతి ఆశ లేకుండనే ఒక దశాబ్దముపాటు పోరాడిన ఉషవంటివారే కారణమని మా అభిప్రాయము. ఒలింపిక్ సంఘము మహిళల పోటీలను చేర్చినది, అట్టివారు ప్రపంచ పోటీలను నిండుగా నడిపి చూపిన తరువాతనే గదా!

విశాఖలో నేటికిని తెల్లవారుజామున సముద్రతీరమున పరుగులు తీయు పిల్లలను చూడవచ్చును. వారిలో కొందరి చేతులకు గుడ్డపట్టీలు చుట్టియుండును. వారిలో ఎవరు ఎంతవరకు పోవుదురో మేము చెప్పజాలము. అది వారి భుజబలముమీద, గురువులమీద ఆధారపడును. కాని వారిని పోటీకి నిలుపుట, నిలిచినవారికి నిజమైన పోటీ పెట్టుట, ఓడినవారిని మరల రానిచ్చుట - ఇవి పెద్దల చేతిలోనివి. ఇకమీదట వార్తలలో 5-0 అని విన్నపుడు, ఆ బరిలోనికి ఆ పిల్ల ఎట్లు వచ్చినదో శ్రోతలు ఒకమారు ఆలోచించినచో, ఈ ప్రసంగము వృథా కాలేదని మేము సంతసింతుము.